గోడ మీది జాబితా

ఈ సాయంత్రం సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌లో గంగారాం అన్నతో కలిసి ఒక ఫ్రెంచి సినిమా చూశాను. హోటల్ గదులు శుభ్రం చేసే ఆడవాళ్ల కథ అది. రేపు ఎవరికి పని ఉందో గోడకు అంటించిన జాబితా చెబుతుంది. అన్నకు ఇంగ్లీషు చదవడం రాదు కనుక, తెర కింద వచ్చే ఇంగ్లీషు మాటలను నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

కథానాయిక వేలు జాబితా చివరిదాకా వెళ్లి ఆగినప్పుడు నేనూ ఆగిపోయాను.

“పేరు లేదు గదా తమ్మీ,” అన్నాడు అన్న. “షిప్‌యార్డుల గూడ నువ్వు గిట్లనే చేస్తుంటివి. ఉంటే గట్టిగ సదివెటోడివి, లేకుంటే సప్పుడు చెయ్యకపోతుంటివి.”

పదిహేనేళ్ల కిందట షిప్‌యార్డులో పనిచేస్తూ, అన్నతో సహా పన్నెండుమందిమి బూన్ లేలో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఓవర్‌టైం జాబితా చదివేది నేనే. అందరూ సబ్బు చేతులతోనే వచ్చి నా చుట్టూ మూగేవారు. తరువాత నేను కంప్యూటరు సొంతంగా నేర్చుకుని ఆఫీసు ఉద్యోగానికి మారాను. అన్న ఇంకా ఆ యార్డులోనే ఉన్నాడు.

వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నాడు: “సోమారం ఎవరెవరి వర్క్ పర్మిట్ పొడిగిస్తరో లిస్టు పెడ్తరు. ఫోన్ల ఫోటో పంపుత. నా పేరు లేకున్నా నోరు తెరిచి చెప్పు.”

ప్రతిదానికీ జాబితా రాసుకునే నాకు, లేని పేరును పైకి చదవడం మాత్రం ఇప్పటికీ రాదు. మీకెవరికైనా తెలిస్తే సోమవారంలోగా చెప్పండి.