తమ్ముడి తొట్టిలో అన్నం

తమ్ముడు పోయాక కామారెడ్డిలోని మా ఇంట్లో అతని చిన్న చేపల తొట్టి మిగిలింది. అందులో అతను నాటిన నీటి మొక్కలు, కొన్ని చేపలు ఉన్నాయి. వాటిని చావనివ్వకూడదనుకున్నాను.

మూడో రోజు తమ్ముడి పేరు మీద పిట్టకు అన్నం పెడితే కాకి ముట్టలేదు. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మా అక్క ఆ అన్నం తీసుకొచ్చి, చేపలన్నా తింటాయని తొట్టిలో వేసింది. తొట్టి మీది లైటును తమ్ముడి దీపమని పగలూ రాత్రీ ఆర్పనివ్వలేదు. దినాలు ముగిసేసరికి అన్నం మీద దూదిలాంటి బూజు పట్టింది. అద్దాలన్నీ పచ్చని పాచితో నిండిపోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

నేను లైటు ఆపాను.

“తమ్ముని దీపం ఆర్పుతవా? పాపం తగుల్తది నీకు!” అంది అక్క.

“ఇది దీపం కాదక్కా. వెలుతురు ఎక్కువైతే పాచి పడ్తది. వాడు రోజు కొంతసేపే ఏసెటోడు.”

“గంత తెలిసినోనివి, వాడున్నప్పుడు ఒక్కనాడన్న కడిగినవా?”

“వాడు చెయ్యి పెట్టనియ్యకపోయేది. నువ్వు జరుగు.”

ఆమె మళ్లీ స్విచ్ వేయబోతే ప్లగ్గు పీకేశాను. సన్నని పైపుతో బూజు పట్టిన అన్నాన్ని బకెట్లోకి లాగాను. కుళ్లిన ఆకులు కత్తిరించి, అద్దాలు గీకి, కొన్ని నీళ్లు మార్చి, బకెట్‌ను మురికి కాలువ దగ్గరికి తీసుకెళ్లాను.

“వాని బువ్వ మోరీల పారవోస్తున్నవు,” అంది.

ఆమె చూస్తుండగానే బకెట్ మోరీలో గుమ్మరించాను. అక్క తినకుండానే బస్సుకు వెళ్లిపోయింది. సాయంత్రానికి చేపలు మొక్కల కిందికి దిగాయి. ఆ సంగతి ఆమెకు ఫోన్ చేసి చెప్పాలనిపించలేదు.