బర్మసాయ్ బిగించని క్లచ్

బర్మసాయ్ ఎవరి పొలానికి వచ్చినా పలకరించడు, వాళ్లిచ్చిన పులిసిన పాలు ముట్టడు. ఎల్డొరెట్ ఊరి చుట్టుపక్కల ఆ పాలు కాదంటే ముఖం మీద తిట్టినట్టే. అయినా మొక్కజొన్న కండెలు ఒలిచే యంత్రం తగిలించిన ముసలి ట్రాక్టరు అతనొక్కడికే ఉంది కాబట్టి అందరూ పిలుస్తారు, పిలిచి తిట్టుకుంటారు.

ఆరోజు తబుటానీ అనే ఆమె కళ్లంలో కండెలు సగం ఒలిచేసరికి కొండల మీద మబ్బు కమ్మింది. యంత్రాన్ని తిప్పే క్లచ్ జారుతూ కమురు వాసన కొట్టింది. బర్మసాయ్ క్లచ్ పక్కనున్న మూత తీసి లోపలి మూడు నట్లనూ సమానంగా, కొద్దికొద్దిగా బిగించాడు. “పేలు చూస్తున్నావా? ఇంకో చుట్టు తిప్పవయ్యా!” అని తబుటానీ అరిచింది. “తిప్పితే లివరు లాగినా యంత్రం ఆగదు,” అన్నాడతను. “ఆగడం నాకెందుకు? వానొస్తోంది!” “అయితే నువ్వే తిప్పుకో తల్లీ,” అని పానా ఆమె కాళ్ల దగ్గర విసిరేశాడు. ఆమె కసిగా బిగించింది. యంత్రం మళ్లీ ఊపందుకుని గింజలు ధారగా రాలాయి. ఇంతలో ట్రాక్టరుకీ యంత్రానికీ మధ్య తిరిగే ఇరుసు ఒక గోనెసంచిని, దాన్ని పట్టుకున్న ఆమె చేతిని కలిపి లాగింది. బర్మసాయ్ లివరు లాగాడు, ఆగలేదు. ఒక్క దూకు దూకి ఇంజనే ఆపేశాడు. ఆమె తోలు లేచిన చెయ్యి వెనక్కి లాక్కుంది. మొదటి చినుకు పడింది. “చూశావా?” అన్నాడు. “నోర్మూసుకుని ఆ టార్పాలిన్ కొస పట్టు,” అంది. గింజలన్నీ కప్పేదాకా ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు.