మట్టి పంతులు సనదు

మట్టి పంతులుకు సనదు ఇప్పించింది నేనే. ఈ మాట అంటే మా వాడ ఆడవాళ్లు ఇప్పటికీ నా మొహం వింతగా చూస్తారు. అక్కను పొట్టన పెట్టుకున్న మనిషికి సర్కారు ముద్ర పడ్డ కాగితం రావాలని, నిండు చావడిలో నిలబడి చెప్పిన పిల్లను మరి. కొందరు నాది పెద్ద మనసు అన్నారు. కొందరు నాకు మతి పోయిందన్నారు. మనసు పెద్దదీ కాలేదు, మతీ పోలేదు. ఆయన మీద కోపం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. పొద్దున లేవగానే మేకపిల్ల ఉందా లేదా అని చూసుకున్నట్టు దాన్ని ఓసారి చూసుకుంటాను. ఉంటుంది.

మాది కట్టంగూరు దగ్గర, బెజవాడ బాటకు దిగువన ఉన్న ఊరు. సాలెవాళ్లం. యుద్ధం రోజులవి, నూలు దొరక్క మగ్గాలు సగం పడుకున్నాయి. అప్పుడు వచ్చాడు పంతులు, కృష్ణ అవతలి నుంచి. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. మా వాడ చివర బావి ఉన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. తనది ప్రకృతి వైద్యమని చెప్పాడు. మాకు ఆ పేరు నోరు తిరగలేదు. చెరువులోంచి నల్లమట్టి తెప్పించి, నానబెట్టి, గుడ్డలో పరిచి పొట్ట మీద పట్టీ వేసేవాడు కాబట్టి మట్టి పంతులు అన్నాం. తొట్టి నీళ్లలో కూర్చోమనేవాడు, ఎండలో పడుకోమనేవాడు, ఉప్పూ పులుపూ మానమనేవాడు. అన్నిటికంటే ఎక్కువగా లంకణం ఉండమనేవాడు.

ఉన్నమాట చెప్పాలి, ఆయన వల్ల చాలామందికి సుఖం కలిగింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా వంగి కూర్చునేవాళ్లకు పొట్ట కదలకపోవడం ఎంత బాధో సాలెవాళ్లకే తెలుసు. మా నాయిన ఆయన తొట్టిలో కూర్చుని వచ్చిన రోజు పెళ్లికొడుకులా నడిచాడు. ఏం జరిగిందో వాడ వాడంతా తిరిగి చెప్పాడు, అమ్మ సిగ్గుతో తలుపు వేసుకుంది. పైగా పంతులు చాప మీద మా పక్కనే కూర్చుని, మేం చెప్పేది చివరిదాకా వినేవాడు. నల్గొండ దవాఖాన అంటే మావాళ్లకు భయం. పొద్దున బండి కడితే పొద్దు వంగే వేళకు గాని చేరం. చేరాక అక్కడంతా ఉర్దూ. పైగా పొట్ట కోస్తారని అందరి గుండెల్లో దడ.

అక్కను మా వాడలోనే ఇచ్చాం, మా గడపకు నాలుగు గడపల అవతల. ఆమెకు బొడ్డు దగ్గర నొప్పి మొదలై కుడి పక్కకు దిగింది. పంతులు మట్టి పట్టీ వేసి, నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దన్నాడు. మరుసటి రోజు వాంతులు. అమ్మ చూడలేక ఉప్పు వేసిన గంజి తేట రెండు బుక్కలు పోసింది. ఆ మర్నాటికి నొప్పి ఇంకా పెరిగింది. నాయిన పక్కింటివాళ్ల బండి అడిగి కట్టించాడు. బావ అక్కను ఎత్తుకుని గడప దాటుతుండగానే నొప్పి ఆగింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్క నా దిక్కు చూసి నవ్వింది కూడా.

"తగ్గిందే చెల్లె. అంత దూరం ఎందుకు పోవుడు, ఇంట్లకు తీస్కపోండ్రి" అంది.

పంతులు వచ్చి కాడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతుంది, గోళ్ల సందుల్లో నల్లమట్టి.

"చూశారా అండీ, ప్రకృతి తన పని తాను చేసుకుంది. ఇప్పుడు తీసుకెళ్తే అక్కడ కత్తి పెడతారు. బండి విప్పేయండి" అన్నాడు.

విప్పారు. సాయంత్రానికి అక్క పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. మళ్లీ బండి కట్టే మాట ఎవరైనా ఎత్తేలోపే ఒళ్లంతా చల్లబడింది. మర్నాడు పగటేళకు పోయింది.

ఇంతవరకైతే నేను ఏడ్చి ఊరుకునేదాన్నేమో. పంతులు పరామర్శకు వచ్చాడు. అందరూ కూర్చుని ఉన్నారు. నొచ్చుకుంటూనే అన్నాడు, లంకణంలో ఉన్న పొట్టలో గంజి పడిందట గదా, అది పడకపోతే పిల్ల దక్కేది అని. అంతే, ఆ మాట అక్కడ పెట్టి లేచి వెళ్లిపోయాడు. వాడంతా ఒక్కసారి అమ్మ దిక్కు తిరిగింది. అమ్మ ఏడుపు ఆపి తన చేతుల దిక్కు చూసుకుంది.

ఆ రోజు నుంచి అమ్మ గంజి ముట్టలేదు. వండిన అన్నం వార్చి, తేటంతా కుడితిలో పారబోసేది. తాగే గంజి మానొచ్చు. సాలెదానికి గంజి తప్పుతుందా? వీధి పొడుగునా పడుగు నూలు సాచి కట్టి, కుంచెతో గంజి పెట్టేది మా ఇంట్లో అమ్మే. మొహం పక్కకు తిప్పుకుని పెట్టేది. పెట్టినంతసేపూ పెదాలు కదిలేవి. ఏమంటున్నదో వినడానికి నేను ఓసారి దగ్గరికి పోయాను. బిడ్డా, నేనే పోస్తి, నేనే పోస్తి అంటున్నది.

అప్పుడు పుట్టింది నాలో ఈ మేకపిల్ల.

బావను వెంటబెట్టుకుని నల్గొండ దవాఖానకు పోయాను. మూడో తరగతి దాకా సర్కారు బడిలో ఉర్దూ చదివాను, వచ్చిన నాలుగు ముక్కలూ పోగేసి పెద్ద డాక్టరు ముందు నిలబడ్డాను. ఆయన అంతా విన్నాడు. లోపల పేగు చీము పట్టి పగిలిందనీ, పగిలినప్పుడే నొప్పి ఆగుతుందనీ, బండి ఆపాల్సింది కాదు, అప్పుడే పరుగున తోలాల్సిందనీ చెప్పాడు. గంజికీ దానికీ సంబంధం లేదన్నాడు. మరి ఆ పంతులును ఏం చేస్తారని అడిగాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆపేశాడు.

"ఆయన డాక్టర్ కాదు, హకీమ్ కాదు, వైద్యుడు గూడ కాదు. మీరే నమ్మిండ్రు, మీరే మట్టి పెట్టించుకున్నరు. సనదు ఉంటె గదమ్మ, గుంజుకునేది?" అన్నాడు.

దారి పొడుగునా ఆ ముక్కే నా చెవుల్లో. ఇంటికొచ్చి గంజి సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ నమ్మలేదు. ఆ డాక్టరు పిల్లను చూసిండా, చూసినాయన చెప్పిందే ఖరారు, నన్ను ఊకుంచనీకి నువ్వేమన్న చెప్తవు అని పడుగు దిక్కు పోయింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ మాట పంతులు నోటితోనే వెనక్కి రావాలి. ఇంకెవరు చెప్పినా అమ్మకు అంటదు.

కొన్నాళ్లకు ఒక సంగతి పుట్టింది. హకీములకూ వైద్యులకూ ఇచ్చినట్టే తనకూ సనదు ఇప్పించాలని పంతులు దరఖాస్తు పెట్టుకున్నాడు. విచారణకు నల్గొండ నుంచి మనుషులు వస్తారు, వైద్యం చేయించుకున్నవాళ్లను అడుగుతారు. అది తెలిసి వాడంతా నా నోటి మీదే కళ్లు పెట్టింది. నా నోరు చిన్నది కాదని ఊరికి తెలుసు. పంతులుకూ తెలుసు, అందుకే మా అరుగు దాకా వచ్చాడు.

జరిగినదానికి తనకూ బాధగానే ఉందనీ, ఎందరికో మేలు జరిగే పని ఆపొద్దనీ అన్నాడు. సరే, నేనేం ఆపను గాని, మా అమ్మతో ఒక్క మాట చెప్పు, గంజి తోటి కాదని చెప్పు అన్నాను. 

"నేను నమ్మిందే చెప్పానమ్మాయ్. నమ్మనిది ఎలా చెప్పను?" అన్నాడు.

అబద్ధమాడి ఉంటే అంత మండేది కాదు. నిజంగా నమ్ముతున్నాడు. అమ్మే తప్పు చేసిందనుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆ నిద్ర చెడగొట్టాలి అనుకున్నాను.

విచారణ నాడు చావడి నిండింది. పోలీసు పటేలు, పట్వారీ, నల్గొండ పెద్ద డాక్టరు. మా వాళ్లు ఒక్కొక్కరే లేచి తమ పొట్టల చరిత్రలు విప్పారు. ఒక ముసలాయన తొట్టిలో కూర్చున్నాక ఎంత నిమ్మళమైందో చేతులతో చూపించబోతే పటేలు వద్దని కూర్చోబెట్టాడు. నాయిన మాత్రం లేవలేదు. ఎదురు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అందరూ నా దిక్కు తిరిగారు. నేను లేచాను.

"ఇయ్యండ్రి సాబ్. పంతులుకు సనదు ఇయ్యండ్రి."

డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. "సోంచాయించే, ఆలోచన చేసే చెప్తున్నవా?" అన్నాడు.

"మస్తు దినాలు సోంచాయించిన సాబ్" అన్నాను.

ఆయనకు అర్థమైంది. ఇంకెవరికీ కాలేదు. పంతులుకైతే అసలే కాలేదు, కళ్ల నీళ్లు పెట్టుకుని నాకు దండం పెట్టాడు. ఆ తర్వాత డాక్టరు ఆయన్ను లోపలి అర్రలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. పొట్ట నొప్పి ఎక్కువైతే దవాఖానకు పంపాలి, ఉన్నట్టుండి ఆగితే అసలే ఆలస్యం చేయొద్దు, చేతిలో మనిషి పోతే జవాబు చెప్పాలి, తప్పు తేలితే సనదు పోతుంది, కేసూ అవుతుంది. తలుపు పక్కన నిలబడి అంతా విన్నాను. బయటికి వచ్చినప్పుడు పంతులు మొహం కొంచెం వాడింది. నాకు అదే మొదటి ముద్ద.

సనదు వచ్చింది. అద్దం కట్టించి వాకిట్లో మేకుకు తగిలించాడు. వాడంతా బెల్లం పంచాడు, నాకు రెండు ముక్కలు ఎక్కువ ఇచ్చాడు. వాటిని మా మేకకు పెట్టాను.

మర్నాటి నుంచి నా రాట్నం ఆయన ఇంటి ఎదుటి అరుగు మీదికి మార్చాను. అది మా చిన్నమ్మ వాళ్ల అరుగు, నీడ బాగుంటుంది, ఎవరూ ఏమీ అనలేరు. నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చునేదాన్ని. లోపలికి పోయే ప్రతి మనిషినీ ఏం బాధ అని అడిగేదాన్ని, బయటికి వచ్చేటప్పుడు ఏం చెప్పిండని అడిగేదాన్ని. నాతో మాట కలిపి చెప్పకుండా పోయినవాళ్లు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. పంతులు గడపలోకి వస్తే పలకరించేదాన్ని. పంతులూ, సనదు భద్రమేనా, ఈగలు వాలుతున్నయి, జర తుడువు అనేదాన్ని. ఎవరికైనా లంకణం చెప్పాడని తెలిస్తే ఎన్నాళ్లని అక్కడి నుంచే కేకేసేదాన్ని. మొదట నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానాడు. తర్వాత బావి దగ్గర ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టడం లేదని ఆయనే నాయినతో చెప్పాడట. ఆ ముచ్చట నాయిన తెచ్చిన రోజు నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఆయన తప్పు చేయాలని నేను ఎదురు చూశాను. ఎవరికీ ఏమీ కాకుండానే చేయాలని కోరుకున్నాననుకోండి, అదెట్లా కుదురుతుందో మాత్రం ఆలోచించలేదు.

పడుగు సాచిన రోజొకటి. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా నూలే. ఈ కొస పంతులు వాకిట్లో. ఆ కొసన అమ్మ కుంచె పట్టుకుని గంజి పెడుతున్నది. మా వరుసలోని ఒక అత్తమ్మ కోడలికి ముందు రోజు నుంచి పొట్టలో నొప్పి, కుడి పక్కనే. బండి కట్టమని పంతులు పొద్దున్నే చెప్పాడు, వీళ్లు ఇంకా తాత్సారం చేస్తున్నారు. ఇంతలో అత్తమ్మ నవ్వుకుంటూ వచ్చింది. నొప్పి పోయింది పంతులూ, ఇగ బండెందుకు అంది.

నేను రాట్నం ఆపాను. పంతులు నా దిక్కు చూశాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"ఇప్పుడే వెళ్లాలి. ఎవరిదైనా సరే, బండి కట్టండి" అన్నాడు, తానే ఉరికి ఎడ్లను పట్టుకొచ్చాడు. అత్తమ్మ బెదిరిపోయింది. పొద్దుగాల్ల బుక్కెడు గంజి తాగిచ్చిన, గందుకేనా ఇట్లయింది అని ఏడుపు అందుకుంది.

"గంజి వల్ల కాదమ్మా" అన్నాడు పంతులు, కాడి ఎత్తుతూ. మెల్లగా అన్నాడు.

"గట్టిగ చెప్పు పంతులూ. మా అమ్మ గా కొసకున్నది" అన్నాను.

ఎడ్లు మెడ విదిలించుకుంటున్నాయి. జనం మూగారు. ఆయన కాడి వదలకుండానే తల ఎత్తి వీధి పొడుగునా చూశాడు.

"గంజి వల్ల కాదు. ఆ రోజు కూడా గంజి వల్ల కాదమ్మా. నొప్పి ఆగినప్పుడే బండి తోలాల్సింది. విప్పించింది నేను" అన్నాడు. ఆ మాట ఆ కొస దాకా వినబడింది.

అమ్మ చేతిలో కుంచె ఆగింది. గంజి చుక్కలు చుక్కలుగా మట్టిలో పడింది. పెట్టిన గంజి మధ్యలో ఆరితే పోగులు అంటుకుని పడుగంతా పాడవుతుంది. అందుకని అమ్మ మళ్లీ వంగి, కుంచె ఆడించింది, కొస దాకా పెట్టింది. బండి ఆమె పక్క నుంచే పోయింది.

సాయంత్రం పడుగు చుట్టాక, ఏమీ విననట్టు అడిగింది, ఆయన ఏమన్నడే అని. చెప్పాను. మల్ల చెప్పు అంది. మళ్లీ చెప్పాను. మర్నాడు అన్నం వార్చి, తేట గిన్నెలోకి పట్టి, ఉప్పు రాయి వేసి, నిలబడే తాగింది. నా దిక్కు చూడలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను.

ఆ కోడలు బతికి వచ్చింది, పొట్ట మీద కుట్లతో. దానికి పేరు ఎవరికొచ్చిందనుకున్నారు? పంతులుకే. ఆయనది మంచి హస్తమట, వేళకు పంపించాడట. ఇప్పుడు కట్టంగూరు నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. నా ఒళ్లు ఎంత మండుతుందో చెప్పలేను. సనదు ఆ మేకుకు అట్లాగే వేలాడుతున్నది. ఈగలు కూడా వాలడం లేదు, రోజూ తుడుస్తున్నాడు.

మొన్న నాయినతో చెప్పించాడు, పిల్లను ఇంక అక్కడ కూర్చోవద్దనండి, అయిపోయింది గదా అని. ఆయనకు అయిపోయిందేమో. అమ్మ మాట అమ్మకు వచ్చింది గాని అక్క రాలేదు. నాయిన నా రాట్నానికి కొత్త తాడు పేని తెచ్చి ఇచ్చాడు. అక్కడే కూర్చుంటున్నాను. పంతులు ఎవరి పొట్ట మీద చెయ్యి పెట్టినా ముందు తల తిప్పి నా అరుగు దిక్కు చూస్తాడు. చూడనీ. నేను కండె మార్చుకుని, లోపలికి పోయేవాళ్లను ఏం బాధ అని అడుగుతాను.