టోకెను ఇవ్వకుండా పైకి వచ్చినదాన్ని

ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు, మాలూరు మామ అంటేనే భయం. బెంగళూరులో ఒక థాయ్ హోటలు వంటింట్లో నేను కొత్తగా చేరాను (కాగితం మీద ట్రైనీ అని రాసేవారు, చేసేది మాత్రం ఉల్లిపాయలు ఒలవడమే). ఆ వంటింటికి పెద్ద మాలూరు మామ. ఇటుక బట్టీల ఊళ్ళో పుట్టి, ఏదో ఓడలో పనిచేస్తూ థాయ్ వంట నేర్చుకొచ్చిన మనిషి. ఇక దయ్యాల సంగతంటారా, మాది కోలారు బంగారు గనుల ఊరు. మా ఇంటి నేల కింద మైళ్ళ కొద్దీ ఖాళీ. గనులు మూతపడి ఏళ్ళయినా ఒక్కోసారి లోపల ఎక్కడో గుమ్మని మోగేది, గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమనేవి. మా అవ్వ తల కూడా ఎత్తకుండా “కింద ఎవరో తలుపేసినారు” అని బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, నన్ను భయపెట్టడం ఎవరి వల్లా కాదని నాకు గొప్ప నమ్మకం.

ఆ నమ్మకం ఒక్క మధ్యాహ్నంతో తీరిపోయింది. మరునాడు హోటలు యజమాని కొత్త సూపు రుచి చూడటానికి వస్తున్నాడు. “నిమ్మగడ్డి, జంట నిమ్మాకు, చేపల సాసు, గలాంగల్. నాలుగూ ఈ పొద్దే కొనల్ల. అట్లే ఇంటికి పోయి, రేపు వచ్చేటప్పుడు తే. సూపు కుదిరితే నీ పని పర్మనెంటు. ఒకటి తక్కువైనా ఇంగ రావద్దు, కేజీఎఫ్‌లోనే ఉండిపో” అన్నాడు మామ. మా ఇంట్లో జీతమంటూ తెచ్చేదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే. గలాంగల్ అంటే ఏమిటని అడగడానికి నోరు రాలేదు.

విదేశీ సరుకులమ్మే దుకాణాలన్నీ తిరిగాను. నిమ్మగడ్డి ప్లాస్టిక్ కవరులో పెళ్ళికూతురిలా ముస్తాబై కనిపించింది (మా అవ్వ మజ్జిగలో పడేసుకునే గడ్డే అది). జంట నిమ్మాకులూ, చేపల సాసు సీసా దొరికాయి. గలాంగల్ దగ్గరే వచ్చింది చిక్కంతా. ఒకడు అల్లం చేతిలో పెట్టాడు. ఇంకొకడు మామిడల్లం చూపించాడు. మూడోచోట ఒకాయన బాగా ఆలోచించి, సబ్బుల అరలో వెతకమన్నాడు. చివరికి ఎవరో దయతలిచి, “ఆ పెద్ద బిల్డింగు అండర్‌గ్రౌండులో ఒక షాపు ఉంది, అక్కడ దొరుకుతుంది” అన్నారు.

మా ఊరివాళ్ళకు అండర్‌గ్రౌండు అంటే బిల్డింగు కింది అంతస్తు కాదు, గని. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన మా తాత బతుకంతా అండర్‌గ్రౌండులోనే గడిపాడు. రాతిదుమ్ము రొమ్ములో దిగి, రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గుగా దగ్గేవాడు. ఆ దగ్గుకు ఎప్పుడూ బుగ్గన అల్లంలాంటి చిత్తరత్త వేరు పెట్టుకుని నమిలేవాడు. ఆయన పోయేనాటికి నేను బడిలో చదువుతున్నాను.

మెట్లు దిగుతుంటే చల్లబడింది. వీధి చప్పుడు ఆగిపోయి, గోడల్లోంచి ఒకటే హోరు వినపడసాగింది. బ్యాగులు దాచే కౌంటరులో మనిషి మొహం కూడా సరిగ్గా కనపడలేదు. నా బ్యాగు తీసుకుని చేతిలో గుండ్రటి ఇత్తడి టోకెను పెట్టాడు. లోపల అరల మధ్య ఎవరూ లేరు. చివరనున్న ఫ్రిజ్ తలుపు తెరిచాను. తాత వాసన వచ్చింది. తాత లాంటి వాసన కాదు, అచ్చంగా తాతే. ఘాటుగా, కషాయంలా, ఆయన పక్కలో పడుకున్నప్పటి వాసన. అప్పుడు నా వెనకాల రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు వినిపించాయి.

తిరిగి చూసే ధైర్యం లేదు. “తాతా, నేను ఊరికే రాలేదు, ఉద్యోగం పనిమీద వచ్చినా” అన్నాను (అంతటి భయంలోనూ సంజాయిషీ చెప్పుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను). దగ్గు మళ్ళీ వినిపించింది, ఈసారి ఇంకా దగ్గరగా. మెట్లెలా ఎక్కానో, స్టేషనుకెలా చేరానో తెలియదు. రైలు కదిలాక పాసు కోసం జేబులో చెయ్యి పెడితే టోకెను తగిలింది. కొన్న సరుకులతో సహా బ్యాగు అక్కడే ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అవ్వ గడపలోనే ఉంది. ఏడుస్తూ అంతా చెప్పి టోకెను చూపించాను. ఉద్యోగం పోయిందని ఓదారుస్తుందనుకుంటే, ఆమె రెండు చేతులూ చాచి గడపకు అడ్డం నిలబడింది.

“టోకెను ఇయ్యకుండానే వచ్చేసినావా?”

“భయమేసింది అవ్వా.”

“అట్లయితే నువ్వింకా పైకి రాలేదు పాపా. కిందనే ఉండావు.”

గని మనుషుల లెక్క అది. కిందికి దిగేవాడు టోకెను తీసుకోవాలి, పైకొచ్చి తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వని టోకెను ఒకటి మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. తాత కూడా పని నుంచి వచ్చాక “ఇంటికొచ్చినా” అనేవాడు కాదు, వాకిట్లో నిలబడి “పైకి వచ్చినా” అని కేకేసేవాడు. ఆ కేక విన్నాకే అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

ఆ రాత్రి నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. కాసేపటికి మనసు కరిగి కిటికీలోంచి రాగిముద్ద, ఉలవచారు అందించింది. నేను చెయ్యి చాపితే వెనక్కి తీసుకుని, “కడుక్కున్నావా? కిందంతా దుమ్ము” అంది. ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, వెన్నులోంచి చలీ వచ్చింది. వాకిట్లో మంచం మీద ముసుగుదన్నాను. నేల కింద ఏదో గుమ్మంది. తలుపేసినవాళ్ళెవరో తెలుసుకోవాలంటే నాకు మొదటిసారి భయమేసింది.

మొదటి రైలుకు పరుగెత్తాను. షాపు తెరిచేసరికి మెట్ల మీదే ఉన్నాను. వెలుతురులో చూస్తే కౌంటరు మనిషి మా కోలారు పక్క శ్రీనివాసపురం వైపు అన్న, మన తెలుగే. నన్ను చూడగానే, “ఏందమ్మా, నీ బ్యాగులో ఏమన్నా సచ్చినాదా? నేను నిద్రే పోలేదు!” అన్నాడు. చేపల సాసు కారిపోయింది (సీసాలో సూపుకు సరిపడా మిగలడం నా అదృష్టం). అంటూనే రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు దగ్గాడు. ఫ్రిజ్‌ల చలి పడలేదట. నేను పగలబడి నవ్వాను. ఆయనే ఫ్రిజ్ తెరిచి ఒక దుంప చేతిలో పెట్టి, “ఇదేనమ్మా గలాంగల్” అన్నాడు. తాత నమిలే చిత్తరత్తకు పెద్దన్న అన్నమాట, అదే వాసన. దేనికోసమైతే ఊరంతా తిరిగానో, దాన్నే చూసి పారిపోయాను!

టోకెను ఇచ్చేశాను. ఆయన దాన్ని మేకుకు తగిలిస్తూ అన్నాడు:

“అయినా ముసలాయన్ని అట్ల ఇడిసిపెట్టి పోతారామ్మా?”

“ఏ ముసలాయన?”

“నీ వెనకాలే దిగినాడే. బుగ్గలో ఏందో నములుకుంటా. ‘పాప పైకి వచ్చిందా, పాప పైకి వచ్చిందా’ అని షాపు మూసేదాంకా నన్ను పీక్కు తిన్యాడు.”

బ్యాగు తీసుకుని ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కాను. మధ్యాహ్నం యజమాని సూపు రెండోసారి అడిగి తాగాడు. మామ గరిటె నాకి “ఉండాది” అన్నాడు (ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు). నా పని పర్మనెంటు అయింది. ఇంటికెళ్ళి అవ్వకు ముసలాయన సంగతితో సహా అంతా చెబితే ఉద్యోగం మాట వినిపించుకోనేలేదు. “దగ్గు తగ్గినాదంటనా?” అని అడిగింది.

అన్న నన్ను ఆటపట్టించాడో, నిజమే చెప్పాడో అడుగుదామని మళ్ళీ వెళ్ళేసరికి ఆయన మామిడికాయల కాలమని ఊరెళ్ళిపోయాడు. ఇప్పుడక్కడ చెప్పుల దుకాణం ఉంది. నాకూ జుట్టు నెరిసింది, వంటింట్లో కొత్త పిల్లలు నన్ను చూసి భయపడుతున్నారు. అయినా మెట్రో మెట్లెక్కినా, కార్లు పెట్టే కింది అంతస్తు నుంచి వచ్చినా, వెలుతురులోకి రాగానే ఒక్క క్షణం ఆగి “పైకి వచ్చినా తాతా” అంటాను. పక్కనున్నవాళ్ళు ఫోనులో మాట్లాడుతున్నాననుకుంటారు.