కొడుకు చెప్పిన సాక్ష్యం

పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు వరప్రసాదం గారు వంటింటి గడప దగ్గర మోకరించి, మా అందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేసేవారు. గదుల వరసన చెప్పేవారు. మేం పద్నాలుగు మందిమి. కొడుకు డానీ ఉండేది మూడో గదిలోనే అయినా, వాడి పేరు మాత్రం అందరికంటే ఆఖరున వచ్చేది. ప్రార్థనయ్యాక ఒక బకెట్ వేడినీళ్ళు తీసుకెళ్ళి, మోకాళ్ళ నొప్పులున్న కొమరోలు నుంచి వచ్చిన పెద్దాయన తలుపు ముందు చప్పుడు కాకుండా పెట్టి వచ్చేవారు.

మార్కాపురంలో మా మెథడిస్టు సంఘం ప్రసంగీకుల కోసం పెట్టిన ఆరు వారాల శిక్షణ అది. మా పల్లెలకు పాస్టరుగారు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది మాలాంటి వాళ్ళే. శిక్షణ చివర్న, బయటి నుంచి వచ్చే కమిటీ ముందు పరీక్ష ప్రసంగం చెయ్యాలి. వాళ్ళు సరేనంటేనే లైసెన్సు.

వరప్రసాదం గారిది పుల్లలచెరువు దగ్గర పల్లె. వయసులో పలకల గనిలో పనిచేశారు. భార్య పక్షవాతంతో నాలుగేళ్ళు మంచాన పడితే, గని మానేసి ఊళ్ళోనే కూలికి పోతూ ఆమెను చూసుకున్నారు. తల దువ్వి జడ వేసేది కూడా ఆయనేనని డానీయే నాకు చెప్పాడు. ఆమె పోయాక, శిక్షణ పెట్టినప్పుడల్లా వచ్చి వండి పెట్టడం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళయింది. ఆయన చేతి పప్పు తిని వెళ్ళిన ప్రసంగీకులు ఈ పడమటి మండలాలన్నిట్లో ఉన్నారు. వాళ్ళ ఊరి చర్చికి మాత్రం ఎవరూ లేరు. రెండేళ్ళుగా ఆదివారం తాళం తీసి, నాలుగు పాటలు పాడుకుని, మళ్ళీ తాళం వేసుకుంటున్నారు. డానీకి లైసెన్సు వస్తే ఆ కొరత తీరుతుందని ఆయన ఆశ. ఊరంతటి ఆశ.

డానీ బాగా చదివేవాడు. వాడి దిగులంతా సాక్ష్యం గురించే. దేవుడు తన బతుకును ఎట్ల మార్చాడో ప్రసంగంలో చెప్పుకోవాలి కదా. మేమంతా ఫోన్లలో పెద్ద పెద్ద ప్రసంగీకుల వీడియోలు చూసేవాళ్ళం. వాళ్ళలో ఒకప్పుడు రౌడీయో తాగుబోతో కానివాడు ఒక్కడూ కనబడలేదు.

పరీక్షలు మొదలై రెండు రోజులైంది. డానీ వంతుకు ముందురోజు భోజనాల దగ్గర మా గదిలోని ఆనంద్ బాబు వాణ్ణి పట్టుకున్నాడు. ఎవర్నైనా ఆటపట్టించకపోతే వాడికి అన్నం దిగదు.

"ఏందిరా నీ సాక్ష్యం? పుట్టినప్పట్నుంచి సండే స్కూలు. మీ నాయన తాగడు, తిట్టడు. ఇంక దేవుడు నిన్ను దేన్నుంచి రక్షించినాడు, రోజూ పొద్దున తినే ఉప్మా నుంచా?"

వడ్డిస్తున్న వరప్రసాదం గారు కూడా నవ్వారు. "ఉప్మా నుంచి ఎవరికీ రక్షణ లేదు నాయనా. రేప్పొద్దున కూడా అదే," అంటూ ఆనంద్ బాబు ప్లేట్లో ఇంకో గరిటె పప్పు వేశారు. డానీ నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం డానీ వంతు వచ్చింది. కమిటీలో ముగ్గురు. వాళ్ళకు పెద్ద, పాస్టరమ్మ స్టెల్లా గారు. డానీ వాక్యం చదివి పది నిమిషాలు చక్కగా చెప్పాడు. ఆ తర్వాత గొంతు మార్చాడు.

"మా నాయన తాగుబోతు. తాగొచ్చి మా అమ్మను కొట్టేవాడు. ఒకరోజు రోకలి తీసుకుని..."

నేను ఆనంద్ బాబు వైపు చూశాను. వారం కిందట మేమంతా చూసిన వీడియోలో వేరే ప్రసంగీకుడు చెప్పుకున్న కథ అది. రోకలితో సహా అదే. ఆనంద్ బాబు తల వంచుకున్నాడు. కమిటీకి ఆ సంగతి తెలియదు, డానీ తండ్రి ఎవరో కూడా తెలియదు. వాళ్ళలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు చూశాను, తలుపు దగ్గర టీ పళ్ళెంతో వరప్రసాదం గారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో.

డానీ ముగించాడు. స్టెల్లా గారు మెల్లగా అడిగారు. "మీ నాయన ఇప్పుడెక్కడున్నారు బాబూ? మారినారా?"

జవాబు చెప్పబోయి డానీ తలెత్తాడు. ఎదురుగా తండ్రి.

"బతికే ఉన్నారా?" ఆవిడ మళ్ళీ అడిగారు.

డానీ పెదవులు కదిలాయి. ఏం చెప్పబోయాడో దేవుడికే తెలియాలి. ఇంకో అబద్ధం బయటికి రాకముందే వరప్రసాదం గారు రెండడుగులు లోపలికి వేసి, పళ్ళెం కిటికీలో పెట్టారు.

"నేనేనమ్మా వాడి నాయనను."

స్టెల్లా గారు ఆయన్నీ డానీనీ మార్చి మార్చి చూశారు. మూడు రోజులుగా ఆయన చేతి అన్నమే తింటున్నారావిడ.

"మీరు తాగేవారా అయ్యా?"

ఒక్క 'అవును' చాలు, డానీ గట్టెక్కేవాడు. ఊరికి ప్రసంగీకుడు దొరికేవాడు. అది ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నారు. తుడిచిన చేతినే మళ్ళీ తుడిచారు. కొడుకు వైపు చూడలేదు.

"లేదమ్మా," అన్నారు. "వాళ్ళమ్మ మీద ఏనాడూ చెయ్యెత్తలేదు."

"నాయనా," అన్నాడు డానీ. ఉన్నచోటే కూలబడ్డాడు.

స్టెల్లా గారు కాగితం దగ్గరికి లాక్కుని కలం తీశారు. "లేని సాక్ష్యం చెప్పినవాడి పేరు కొట్టెయ్యాల్సిందే. ఇంక ఎప్పటికీ తీసుకోరు. మీకు తెలుసు కదా?"

"తెలుసమ్మా. ఎనిమిదేళ్ళుగా ఈ తలుపు దగ్గర నిలబడి వింటానే ఉండా." ఆయన కిటికీలోని పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. "లైసెన్సు ఇయ్యమని అడగను. ఆ గీత కొట్టే ముందు నాకొక్క సాయం చెయ్యండి. ముందు టీ తాగండి. మీరు తాగేలోపు వాణ్ణి మళ్ళీ నిలబెట్టి, మా ఇంట్లో జరిగిందేదో అది చెప్పమనండి. అది కూడా విన్నాక కొట్టండమ్మా గీత."