పైడిరాజు ఉమ్మిన బెల్లం

థూ అనే మాట ఎక్కడ పుట్టిందని పండితులను అడిగితే ధాతువులు తవ్వుతూ కూర్చుంటారు. వాళ్ల ఖర్మ. ఉమ్మేటప్పుడు పెదాల మధ్య వచ్చే చప్పుడే మాటయిందని అనకాపల్లి బెల్లం బజారులో ఎవరైనా చెబుతారు. దాని అర్థం మాత్రం పైడిరాజుకు తెలిసివచ్చినట్టు ఇంకెవరికీ తెలియలేదు.

పైడిరాజు వెంకటరమణమూర్తి గారి కొట్లో బెల్లం రుచి చూసేవాడు. దిమ్మ అంచు విరిచి, సగం నాలుక మీద వేసుకుని, మిగతా సగం గూట్లో పెట్టేవాడు. బాగుంటే మింగి తలూపేవాడు. ఉప్పదనమో మాడు వాసనో తగిలితే థూ అని ఉమ్మేవాడు. అతను ఉమ్మిన బెల్లాన్ని బజారు మొత్తం మీద ఎవరూ ముట్టేవారు కాదు. ఇరవై ఏళ్లు ఆ నాలుకను చూసుకుని మిడిసిపడ్డాడు.

పంతొమ్మిదివందల నలభై ఒకటిలో, మాఘమాసంలో అతనికి మలేరియా వచ్చింది. క్వినైను తాగి తాగి నోరు చేదు విషమైంది. చెబితే షావుకారు ఇంకొకణ్ణి కూర్చోబెడతాడని భయపడి, గుట్టుగా కొట్టుకు వచ్చాడు. ఎరిగున్న రైతుల బెల్లాన్ని రంగు చూసి, మొహం చూసి, చేదు దిగమింగి తలూపేశాడు.

తర్వాత రావికమతం నుంచి మోదమ్మ బండి వచ్చింది. ఆవిడ భర్త కిందటేడు పోయాడు. ఆడదానికి పాకం దించడం చేతకాదని ఊరంతా నవ్వితే, తనే పెనం దగ్గర నిలబడి బెల్లం వండింది. అది అనకాపల్లిలో చెల్లితేనే కౌలు చేను ఉంచుతానన్నాడు కామందు. ఆ సంగతి పైడిరాజు చెవినా పడింది. పడినా, ఆడది వండిన బెల్లమనేసరికి, అప్పటిదాకా మందుదైన చేదు ఇప్పుడు బెల్లానిదైపోయింది. థూ అన్నాడు.

“ఇంకోపాలి నాలిక మీదెట్టి సూడు బాబూ,” అంది మోదమ్మ.

అతను రెండో దిమ్మ విరవలేదు. ఆవిడ పొద్దువాలేదాకా కొట్టుకొట్టుకూ తిరిగి, బండి వెనక్కి మళ్లించుకుంది.

జ్వరం తగ్గాక, పది రోజులకు, గూట్లో మిగిలిన మోదమ్మ బెల్లం ముక్క కొంచెం కొరికి చూశాడు. ఆ ఏడాది అంత మంచి బెల్లం అతని నాలుక మీద పడలేదు. మిగిలింది కండువాలో కట్టుకుని రావికమతం బండెక్కాడు.

అప్పటికే చేను ఇంకొకరి చేతికి పోయింది. ఆ చేనులోనే మోదమ్మ కూలికి కలుపు తీస్తోంది. బెల్లమంతా పశువుల కుడితిలో కలిపేశానంది. అతను జ్వరం సంగతీ, మొహాలు చూసి తలూపిన సంగతీ దాచకుండా చెప్పి, ముక్క ఆవిడ చేతిలో పెట్టాడు.

“తప్పు నాదేనమ్మా. కామందుకీ సెప్తాను.”

“సెప్తే సేను తిరిగొత్తాదా?”

మోదమ్మ ఆ ముక్క నోట్లో వేసుకుంది. నింపాదిగా చప్పరించి, పూర్తిగా మింగింది. అప్పుడు అతని మొహంలోకి చూసి థూ అంది. నోట్లోంచి ఏమీ పడలేదు.

పైడిరాజు మళ్లీ ఆ కొట్లో కూర్చోలేదు. పోయేదాకా స్టేషనులో మూటలు మోశాడు. పాపం అనేవాళ్లు బజారులో ఉన్నారు, నేను మాత్రం అనను. మోదమ్మకు ఆ చేను తిరిగి రాలేదు.