తవిటయ్య ఆపరేషన్ కబుర్లు

మా తవిటయ్యకు ఒకటే పిచ్చి. తన నడుం కింద జరిగిన ఆపరేషన్ గురించి అడగనివాడికి కూడా చెప్పేవాడు.

మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో క్రేన్ డ్రైవరు. ఏళ్ళ తరబడి ఇనప సీటు మీద కూర్చోవడంతో, వెన్నెముక చివర వెంట్రుకలు చర్మంలోకి దిగి చీము కన్నం పడింది. రెండుసార్లు కోయించినా తిరగబెట్టింది. చివరికి పందొమ్మిదొందల డెబ్బై నాలుగులో కలకత్తా సర్జను ఒకాయన దాన్ని మొదలంటా తీసేసి, పక్కనున్న కండను చర్మంతో సహా జరిపి ఆ గుంట కప్పి కుట్టాడు.

ఇక పూరీ గేట్ దగ్గరి హోటల్లో మా గతి చూడాలి. నా అట్టు మీదే పాఠం మొదలెట్టేవాడు.

"ఇదిగో గణపతీ, ఇక్కడ కన్నం. డాట్రు ఇలా ముక్క తీసేసినాడు. పక్కది ఇలా లాగి కప్పినాడు."

"బాబూ, అది నేను తినాలి!"

"తిను. నానొద్దన్నానేటి?"

పక్క బల్ల బెంగాలీ బాబు సగంలోనే చేయి కడిగేసుకున్నాడు.

ఓ పెళ్ళిలో పెద్దలంతా కలిసి నోరు మూయమన్నారు. భార్య అప్పలనర్సమ్మ అతని పంచె చెంగు లాగింది. తవిటయ్య వింటేనా!

"మోకాలైతే సెప్పుకోవచ్చు, ఇది కూడదా? ఇదీ నా ఒల్లే. మూయను!" అని, పెళ్ళికొడుకు తండ్రికి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

ఆ తర్వాత ఓసారి పన్నెండు రోజులు కనబడలేదు. "నాకే మల్లీ తిరగబెట్టింది" అన్నాడు వచ్చాక. వర్క్‌షాపంతా పగలబడి నవ్వింది. తనూ నవ్వాడు.

నెల తిరిగాక టైమాఫీసు గుమాస్తా సొలొమోను నా దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. "అప్పుడు ఆపరేషన్ ఆయనకి కాదు, నాకండీ. ఏడాదిపాటు ఇంట్లో కూడా చెప్పలేదు. జ్వరం ముంచుకొస్తే తవిటయ్యన్న ఇంటికెళ్ళాను. ఆయనే కలకత్తా తీసుకెళ్ళి, ఆపరేషన్ చేయించి, పక్కనే ఉన్నాడు."

నేను తిన్నగా తవిటయ్య దగ్గరికి పోయాను. "నీది ఊరంతా చాటావు. ఇది దాచావేం?"

"నాది నా ఇష్టం. అతనిది అతగాడు సెప్పుకోవాల."

"మరి నీదెందుకలా అరవడం?"

"రెండేల్లు నానూ సిగ్గుతో దాసినాను. ఎవుడైనా ముందే సెప్పుంటే తొందరగా పోయేది. నవ్వేవోల్లని నవ్వనీ. ఇని నా కాడికొచ్చినోల్లలో సొలొమోను నాలుగోవోడు."

"మిగతా ముగ్గురెవరు?" అన్నాను ఆత్రంగా.

తవిటయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, "నీకేటైనా ఉంటే సెప్పు. సెలవెట్టుకొస్తాను" అన్నాడు.